రాజుల నగరమున ఒక భిక్షాపాత్ర

దక్షిణ అమెరికాకు పోవు యాత్రికులలో పెక్కుమందికి పెరూ దేశమనగానే మాచు పిచ్చూ కొండకోటయే తలపునకు వచ్చును. రాజధాని యగు లీమా నగరము వారికి విమానము మారు మజిలీ మాత్రమే. ఒక పూట నడివీధిచౌకమున తిరిగి, ఒక పూట సముద్రతీరమున కూర్చుండి, మరునాడు కొండలకు వెడలిపోవుదురు. నేను ఆ నగరమును కన్నులతో చూచినవాడను కాను. ముప్పదియేండ్లు తెలుగు పాఠములు చెప్పి, ఇప్పుడు తీరికగా చదువుకొనుచున్నవాడను. పుస్తకములలో చూచిన ఊళ్ళలో లీమా నన్ను పట్టుకొని విడువలేదు. కారణము ఆ ఊరి కోటలును కాదు, బంగారమును కాదు. రెండుమార్లు సర్వస్వమును పోగొట్టుకొనిన ఒక గ్రంథాలయము, దానికొఱకు చేయి చాచిన ఒక ముసలి రచయిత. ఆ కథను సాటి పుస్తకప్రియులతో పంచుకొనవలెనని ఈ టపా.

ముందుగా ఊరి సంగతి. 1535 జనవరి 18వ తేదీన స్పెయిన్ దేశపు సాహసికుడు ఫ్రాన్సిస్కో పిసార్రో రిమాక్ నది యొడ్డున ఈ నగరమునకు పునాది వేసెను. ఆతడు దానికి పెట్టిన పేరు 'రాజుల నగరము'. ఆ పేరు కాగితములమీదనే నిలిచిపోయినది. జనుల నోట నిలిచినది లీమా. ఇది రిమాక్ అను కెచువా మాటనుండియే పుట్టినదని చెప్పుదురు. కెచువా ఇంకా చక్రవర్తుల భాష. అందులో రిమాక్ అనగా 'మాట్లాడునది' అని అర్థము. జయించినవాడు పెట్టిన పేరు చెరిగిపోయి, ఓడినవాని నది పేరు నిలుచుట చరిత్రలో అరుదు గాదు కాని, ముచ్చటైన విషయము.

నగరమధ్యమున నేటికిని ఆనాటి చౌకము కలదు. ఒక ప్రక్క దేశాధ్యక్షుని భవనము, ఒక ప్రక్క ప్రధాన దేవాలయము, మధ్య పదునేడవ శతాబ్దపు కంచు జలయంత్రము. పిసార్రో 1541 జూన్ 26వ తేదీన తన భవనములోనే ప్రత్యర్థుల కత్తులకు బలియయ్యెను. ఆతని శరీరమని చెప్పి ఎండిన కళేబరము నొకదానిని దేవాలయమున చాలకాలము జనులకు చూపిరి. 1977లో నేలమాళిగలో పనివాండ్రకు ఒక సీసపు పెట్టె దొరికినది. అసలైన కపాలము అందులో ఉన్నదని పరీక్షలలో తేలినది. అంతకాలము జనులు నమస్కరించినదో, శపించినదో వేరొకని దేహమునకు!

లీమా ఎడారి నగరము. సముద్రము చెంతనే యున్నను అచ్చట వాన నామమాత్రము. తీరము వెంబడి పారు చల్లని సముద్రప్రవాహము మేఘములను వానగా మారనీయదు. మనకు వానలు కురియు నెలలలో అచ్చట శీతకాలము. ఆ నెలలలో ఆకాశము బూడిదరంగు దుప్పటి కప్పుకొనును. సన్నని తుంపర మాత్రము రాలును. దానిని 'గరువా' యందురు. వాన లేకుండుటవలననే వేయేండ్లకు మించిన మట్టికట్టడములు అచ్చట కరగక నిలిచినవి.

అట్టివానిలో వాకా పుక్లానా యొకటి. మిరాఫ్లోరెస్ అను ధనికుల పేటలో, అంతస్తుల మేడల నడుమ, ఈ పచ్చి యిటుకల పిరమిడు మెట్లుమెట్లుగా కానవచ్చును. ఇంకాల కంటె ఎన్నో శతాబ్దములకు ముందు, రమారమి క్రీస్తుశకము 200 నుండి 700 వఱకు వర్ధిల్లిన జనులు దీనిని కట్టిరి. ఇటుకలను పడుకోబెట్టక, నిలువుగా, నడుమ సందులు విడిచి, వరుసలుగా పేర్చిరి. భూమి కంపించినపుడు ఆ సందులలో ఇటుకలు కొంచెము కదలి మరల కుదురుకొనును. గోడ కూలదు. ఈ పద్ధతికి అచ్చటి పురావస్తు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'పుస్తకాల బీరువా పద్ధతి'. బీరువాలో పుస్తకములు నిలిచినట్లు ఇటుకలు నిలుచునని ఆ పేరు. చిత్రమేమనగా, దానిని కట్టినవారికి లిపి లేదు. వారి తరువాత వచ్చిన ఇంకాలకును మనమెరిగిన లిపి లేదు. వారు రంగుల దారములకు ముడులు వేసి లెక్కలు భద్రపరచిరి. ఆ ముడిదారములకు 'కీపు' అని పేరు. లెక్కల ముడులను పండితులు చాలవఱకు చదువగలిగిరి. కథలను, వంశచరిత్రలను కూడ ముడులలో దాచిరాయను ప్రశ్నకు ఇంకను పూర్తి సమాధానము దొరకలేదు.

లిపి లేని ఆ భాషకు అచ్చు మాత్రము త్వరగా వచ్చినది. 1551లో సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయము లీమాలో స్థాపితమైనది. 1584లో ఇటలీనుండి వచ్చిన ఆంతోనియో రికార్దో యను ముద్రాపకుడు దక్షిణ అమెరికా ఖండమునందలి మొదటి ముద్రణాలయమును అచ్చటనే నడపెను. ఆతడు అచ్చువేసిన తొలిపుస్తకము క్రైస్తవ మతబోధ. అది స్పానిష్, కెచువా, ఐమారా యను మూడు భాషలలో నున్నది. మతము మార్చుటకే ఆ పుస్తకము పుట్టినది, సందేహము లేదు. అయినను నాలుగువందల యేండ్ల నాటి ఆ భాషల రూపము నేడు మనకు తెలియుచున్నదన్న, అట్టి పుస్తకముల చలవయే. కెచువాకు తొలి వ్యాకరణమును 1560లోనే ఒక క్రైస్తవ సన్న్యాసి స్పెయిన్‌లో ప్రకటించెను. పాలకుల భాషకాని ఆ భాషకు పెరూ ప్రభుత్వము అధికారభాష హోదా నిచ్చినది 1975లో. వ్యాకరణమునకును హోదాకును నడుమ 415 సంవత్సరములు!

ఇక లీమా వాసుల దినచర్యలో భూకంపములకు కూడ చోటు కలదు. 1746 అక్టోబరు 28 రాత్రి వచ్చిన కంపమునకు నగరము నేలమట్టమైనది. ఇంచుమించు మూడువేల యిండ్లలో నిలిచినవి పాతిక మాత్రమే యందురు. రేవుపట్టణమగు కయావోను సముద్రము పొంగి ముంచివేసినది. ఈ భయమునుండియే లీమాలోని గొప్ప ఉత్సవము పెరిగినది. 1651లో అంగోలా దేశమునుండి తెచ్చిన ఒక బానిస మట్టిగోడపై క్రీస్తు బొమ్మను చిత్రించెనని సంప్రదాయము. 1655 భూకంపములో చుట్టుప్రక్కల గోడలు కూలినను ఆ బొమ్మ యున్న గోడ నిలిచినది. నాటినుండి అది 'అద్భుతముల స్వామి' యయ్యెను. ఏటేట అక్టోబరు మాసమున ఆ చిత్రపు ప్రతిని భుజములపై నూరేగింతురు. ఊరంతయు ఊదారంగు వస్త్రములు ధరించును. ధూపము, పాటలు, దారి పొడవున మిఠాయి దుకాణములు. మన రథోత్సవములను చూచినవారికి ఆ వర్ణనలు చదువునపుడు అపరిచితముగా తోచవు. ఒక బానిస గీసిన బొమ్మ వెంట దొరలును నడచుట అందలి విశేషము.

భోజనపు సంగతియు ఒక మాట. లీమాలో ప్రసిద్ధమైన వంటకము సెవీచె. పచ్చిచేపను నిమ్మరసములో ఊరవైచి, ఉల్లిపాయ, మిరపకాయలతో వడ్డింతురు. దీనిని 2023లో యునెస్కో మానవజాతి సంస్కృతీ వారసత్వపు పట్టికలో చేర్చినది. నావంటి శాకాహారికి అది పనికిరాదు. కాని అందలి మిరపకాయకు మాత్రము మనము నమస్కరింపవలెను. మిరపజాతికి పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. పోర్చుగీసువారి ఓడలలో అది మన తీరమునకు వచ్చినది. బంగాళాదుంపయు, వేరుసెనగయు ఆ ఖండపు బిడ్డలే. లీమాలో 1971లో స్థాపించిన అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధనాకేంద్రము వేలకొలది రకముల దుంపలను విత్తనాగారమున కాపాడుచున్నది. అదియు ఒక విధమైన గ్రంథాలయమే కదా!

ఇప్పుడు అసలు కథకు వత్తును.

1821 జూలై 28న హోసె దె సాన్ మార్తీన్ అను సేనాని లీమా చౌకమున పెరూ స్వాతంత్ర్యమును ప్రకటించెను. కొండప్రాంతములలో స్పెయిన్ సైన్యము ఇంకను ఓడిపోలేదు. ఖజానాలో ధనము లేదు. అట్టి స్థితిలో సరిగా నెలదినములకు, ఆగస్టు 28న, జాతీయ గ్రంథాలయమును స్థాపించుచు ఆతడు ఆజ్ఞ వెలువరించెను. స్వాతంత్ర్యమును నిలుపుటకు సైన్యము కంటె గ్రంథాలయము బలమైనదని ఆతని నమ్మకము. తన సొంత పుస్తకములను దానికి దానమిచ్చెను. యుద్ధములకు పోవునపుడు వెంట పుస్తకముల పెట్టెలు మోయించుకొనిన సేనాని యాతడు. 1822 సెప్టెంబరులో గ్రంథాలయము తలుపులు తెరచుకొన్నవి.

అరువదియేండ్లు గడచినవి. గ్రంథాలయము ఏబదియారువేల సంపుటములకు పెరిగినది. అంతలో 1879లో యుద్ధము వచ్చినది. అటకామా ఎడారిలోని నత్రలవణము దానికి మూలము. ఎరువునకును, తుపాకిమందునకును పనికివచ్చు ఆ ఉప్పునకై చిలీ ఒకవైపు, బొలీవియా పెరూలు ఒకవైపు పోరాడినవి. 1881 జనవరి 13న, 15న లీమా పొలిమేరలలో జరిగిన రెండు యుద్ధములలో పెరూ ఓడినది. 17న చిలీ సైన్యము నగరమును ప్రవేశించినది. రెండవ యుద్ధము జరిగిన చోటు మిరాఫ్లోరెస్. అచ్చటనే రికార్డో పాల్మా యను రచయిత ఇల్లు ఉండెను. శత్రువులు దానికి నిప్పు పెట్టిరి. ఆతడు కూడబెట్టిన పుస్తకములు, అచ్చుకాని ఒక నవల వ్రాతప్రతి, అన్నియు ఆ మంటలలో బూడిదయ్యెను.

పాల్మా 1833లో లీమాలో జన్మించినవాడు. 'పెరూ సంప్రదాయములు' అను పేర ఆతడు వ్రాసిన కథలు స్పానిష్ భాష చదువువారందరికిని పరిచితములు. పాత పత్రములలో దొరకిన చిన్న సంగతిని తీసికొని, దానికి ఊరివారి మాటలును, సామెతలును, కొంటెతనమును కలిపి కథ చెప్పుట ఆతని నేర్పు. మన చాటుకథల రుచి తెలిసినవారికి ఆతని పద్ధతి యిట్టే అర్థమగును. అట్టివానికి పాత పుస్తకములే జీవనాధారము.

సైన్యము గ్రంథాలయ భవనమును విడిదిగా చేసికొన్నది. పుస్తకములలో విలువైనవి పెట్టెలకెక్కి ఓడలలో చిలీకి తరలినవి. ఇందులో రహస్యమేమియు లేదు. అట్లు తెచ్చిన గ్రంథముల పట్టిక 1881లో చిలీ అధికార పత్రికలోనే అచ్చయినది. మిగిలినవి సైనికుల చేతులమీదుగా అంగడికి పోయినవి. కిరాణా దుకాణములలో తూకమునకు అమ్ముడుపోయి, కాగితములు పొట్లములైనవి. గ్రంథాలయపు పెద్దలు వ్రాసిన నిరసనలేఖలు ఫలింపలేదు.

1883 అక్టోబరులో సంధి కుదిరి సైన్యము తరలిపోయినది. నవంబరులో క్రొత్త ప్రభుత్వము పాల్మాను పిలిచి గ్రంథాలయమును మరల నిలుపుమని కోరినది. అప్పటికి బ్వేనస్ ఐరెస్ నగరములోని ఒక పెద్ద పత్రికనుండి ఆతనికి మంచి జీతముతో ఆహ్వానము వచ్చియుండెను. ఏబదియేండ్లవాడు, ఇల్లు కాలినవాడు, సంసారి. పోయిన తప్పు పట్టువారు లేరు. ప్రభుత్వము వద్ద పుస్తకములు కొనుటకు ధనము లేదు. ఈ పనికి ఒప్పుకొన్నచో తాను భిక్షమెత్తవలసివచ్చునని ఆతడు ముందే గ్రహించెను. గ్రహించియు ఒప్పుకొనెను. తలుపులు తెరచి లెక్కించిన, ఏబదియారువేలలో మిగిలినవి 738 సంపుటములు.

పాల్మా వ్రాయుట కూర్చుండెను. స్పెయిన్‌లోని రచయితలకు, అమెరికా దేశములలోని పండితులకు, సంస్థలకు, పేరెరిగినవారికి, పేరెరుగనివారికి ఉత్తరములు వ్రాసెను. పుస్తకము దానమిండని ప్రార్థించెను. ఊరిలో ఇంటింటికి పోయి, అంగడులలో దొరకిన గ్రంథాలయపు ముద్రగల పుస్తకములను తిరిగి రాబట్టెను. ఇవన్నియు సరే. ఆతడు చేసిన మరియొక పని నన్ను ఆశ్చర్యపరచినది. చిలీ అధ్యక్షుడు దోమింగో సాంతా మరీయాకే లేఖ వ్రాసెను! తన యిల్లు కాల్చిన సైన్యమునకు, తన గ్రంథాలయము దోచిన ప్రభుత్వమునకు అధిపతి యాతడు. పగను మనసులో ఒక ప్రక్కకు నెట్టి, పుస్తకములు తిరిగి యిప్పింపుమని అడిగెను. అధ్యక్షుడు మన్నించెను. సుమారు పదివేల సంపుటములు మరల లీమాకు చేరినవి. 1884 జూలై 28న, స్వాతంత్ర్యదినమున, గ్రంథాలయము తిరిగి తెరువబడినది.

'భిక్షువైన గ్రంథపాలకుడు' అను పేరు పాల్మాకు స్థిరమైనది. దానినాతడు అవమానముగా తలంపలేదు. 1912 వఱకు ఆ పదవిలోనే యుండి, 1919 అక్టోబరు 6న మిరాఫ్లోరెస్‌లో కన్నుమూసెను. ఆతడు చివరిరోజులు గడపిన యిల్లు నేడు ప్రదర్శనశాల.

కథ ఇంతటితో ముగిసిన బాగుండెడిది. 1943 మే 10వ తేదీన గ్రంథాలయమునకు నిప్పంటుకొన్నది. ఈమారు శత్రువులు లేరు, యుద్ధము లేదు. పాల్మా భిక్షమెత్తి కూర్చిన నిధిలో అధికభాగము ఒక్క రాత్రిలో దగ్ధమైనది. పునర్నిర్మాణ భారము హోర్హె బసాద్రె యను చరిత్రకారునిపై పడినది. ఆతడు మరల పుస్తకములను అర్థించెను. అంతటితో ఆగక, 1944లో గ్రంథపాలకులకు శిక్షణనిచ్చు పాఠశాలను నెలకొల్పెను. పుస్తకములు చేర్చిన చాలదు, వానిని కాపాడువారిని తయారుచేయవలెనని ఆతడు గుర్తించెను. నా దృష్టిలో పాల్మా పనికి ఇది సరియైన కొనసాగింపు.

పాత స్థలముననే, అబన్‌కాయ్ వీధిలో, క్రొత్త భవనము లేచినది. 2006లో సాన్ బోర్హా అను పేటలో మరింత విశాలమైన భవనము తెరచుకొన్నది. పోయినవానిలో కొన్ని నెమ్మదిగా ఇల్లు చేరుచున్నవి. 2007 నవంబరులో చిలీ ప్రభుత్వము 3,788 పుస్తకములను పెరూకు అప్పగించినది. 2017లో మరి 720 చేరినవి. యుద్ధకాలమున మాయమైన ఒక వ్రాతప్రతి 2019లో బ్రెజిల్‌నుండి తిరిగివచ్చినది. అది ఇంకా రాజవంశీకుడనని చెప్పుకొనిన హుస్తో అపు సావరావురా 1838లో వ్రాసిన ఇంకాల చరిత్ర. నూటముప్పది యేండ్లకు పైబడిన ప్రవాసము!

లీమా పోవు యాత్రికుడు ఇవన్నియు ఒకటి రెండు దినములలో చూడవచ్చును. చౌకమునకు సమీపముననే సాన్ ఫ్రాన్సిస్కో మఠము కలదు. దాని నేలమాళిగలలోని ఎముకల గుట్టలను చూచుటకు జనులు బారులు తీరుదురు. అదే మఠములో పైన, పాతికవేల ప్రాచీన గ్రంథముల చీకటి గది యొకటి యున్నది. అచ్చట నిలుచువారు తక్కువ. నది ప్రక్కనున్న పాత రైలునిలయము 2009నుండి పెరూ సాహిత్యభవనముగా మారినది. ఆమసోనాస్ వీధిలో పాతపుస్తకముల అంగడులు వరుసగా నుండును. మన కోఠీలో ఆదివారము తిరిగినవారికి అది పుట్టింటివలె తోచవచ్చును.

ఈ కథ నన్ను విడువకుండుటకు కారణము కూడ చెప్పి ముగించెదను. నేను ఉద్యోగము చేసిన ఒక ఉన్నత పాఠశాలలో గ్రంథాలయమునకు కొన్నియేండ్లు నేనే బాధ్యుడను. రెండు బీరువాలు. ఒక వర్షకాలము గోడ చెమ్మగిల్లి ఒక బీరువాకు చెదలు పట్టినది. తనిఖీ దగ్గర పడుచున్నది. పుస్తకములను ఒక్కొక్కటిగా విప్పి చూచుటకు నాకు ఓపిక లేకపోయినది. 'పనికిరానివి' అని పట్టిక వ్రాసి సంతకము చేసితిని. పాతకాగితముల వాడు తూచి తీసికొనిపోయెను. వారము దినములకు బడి ముందర బండిపై కొనిన వేరుసెనగల పొట్లము విప్పితిని. నాకంటె ముందు పనిచేసిన పండితులు పిల్లలచేత వ్రాయించిన లిఖితపత్రిక తాలూకు పుట యది. సిరా చెదరలేదు. చెద సోకలేదు. ఒక బాలిక తమ యూరి చెరువును గూర్చి వ్రాసిన వ్యాసము. సగము మాత్రమే యున్నది. తక్కిన సగమునకై బండివానిని అడిగితిని. అయిపోయినవని చెప్పెను.

అచ్చుపుస్తకము ఒకచోట పోయిన మరియొకచోట దొరకును. ఆ పత్రికకు రెండవ ప్రతి లేదు. లీమాలో సైన్యము వచ్చి దోచినది. మా బడిలో దోచినది నా సంతకము. పాల్మా ఏబదియారువేలలో మిగిలిన 738ని చూచి వెనుదిరుగలేదు. నేను ఒక్క పూట కూర్చుండి విప్పి చూచియుండిన చాలు.

మీ యిండ్లలో, మీ యూరి బడులలో అట్టి బీరువాలు ఇంకను ఉండును. లిఖితపత్రికలు, తాతల దస్తూరీతో నున్న నోటుపుస్తకములు, చిరిగిన ఊరి చరిత్రలు ఉండును. తూకమునకు వేయకమునుపు ఒకమారు విప్పి చూడుడు. చేతనైన నాలుగు పుటలు తెలుగు అక్షరములలో టైపు చేసి నిలుపుడు. అడిగి తెచ్చుకొనవలసివచ్చిన, అడుగుటకు సిగ్గుపడకుడు. ఆ బాలిక వ్యాసములోని సగము పుట నావద్ద ఇంకను భద్రముగా నున్నది. వచ్చే టపాలో దానిని ఉన్నదున్నట్లు వ్రాసి ఉంచెదను.

స్వస్తి.